చెట్టు చాటు బాణం మీద వాదించే ముందు

వాలి వధ ప్రస్తావన వచ్చిందంటే చాలు, మాట రెండు కొసల మధ్య ఊగడం మొదలుపెడుతుంది. "రాముడు చేశాడు కాబట్టి ధర్మమే" అని ఒకరు, "దేవుడైతే చెట్టు చాటున దాక్కోవడమేంటి" అని ఇంకొకరు. పది నిమిషాల్లో గొంతులు పెరుగుతాయి, పావుగంటలో ఒకరు లేచి వెళ్ళిపోతారు. అంతసేపట్లో కిష్కింధాకాండ తెరిచేవాళ్ళు అరుదు. అదే నన్ను బాధపెట్టే విషయం, ఎందుకంటే ఈ వ్యాజ్యాన్ని వాల్మీకి మనకు వదిలేయలేదు. తనే నడిపాడు. 17వ సర్గలో వాలి అడుగుతాడు, 18వ సర్గలో రాముడు జవాబిస్తాడు. రెండూ కలిపి నూరు శ్లోకాలకు పైమాటే. భగవంతుడిగా కొలిచే వ్యక్తిని, ఆయన బాణం గుండెలో దిగబడి ఉన్నవాడు ముఖం మీదే "నువ్వు చేసింది అధర్మం" అంటాడు. ఆ మాటల్లో ఒక్కటి కూడా కవి మెత్తబరచలేదు. అలాంటి చోట మనం ఊహించుకున్న కథతో వాదించుకోవడం అన్యాయం.

ముందు చదవాల్సినవి చెబుతాను. 8 నుంచి 18 దాకా సర్గలు వరసగా, తర్వాత 22, 24, 46, 55. తాత్పర్యంతో చదివితే ఒక సాయంత్రం పని. ఇవి మన ఇళ్ళలో సాధారణంగా దొరికే ప్రచురణల సర్గ సంఖ్యలు. బరోడా ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు రకరకాల రాతప్రతులు పోల్చి తెచ్చిన పరిష్కృత ప్రతి (కిష్కింధాకాండ 1965లో వచ్చింది) చూసేవాళ్ళకి చివర్లో సంఖ్యలు ఒకటి అటూ ఇటూ అవుతాయి. శ్లోక సంఖ్యలు ప్రతి ప్రతికీ మారతాయి కాబట్టి, ఎదుటివాళ్ళకు చెప్పేటప్పుడు సర్గ సంఖ్య, శ్లోకం మొదటి మాటలు చెప్పండి. "18వ సర్గ 22వ శ్లోకం" అని పట్టుబడితే వాళ్ళ పుస్తకంలో అది 20వది అవుతుంది, చర్చ కాస్తా అచ్చుతప్పుల మీదకి పోతుంది.

చదివాక మొదట చేయాల్సింది, వాల్మీకిలో లేనివి పక్కన పెట్టడం. అన్నిటికన్నా ఎక్కువగా వినబడేది వరం కథ: ఎదుటివాడి బలంలో సగం వాలికి వచ్చేస్తుందని, అందుకే రాముడు ఎదురుపడలేదని. వాల్మీకిలో ఉన్నది ఇంద్రుడిచ్చిన బంగారు మాల. వాలి నేలకూలాక కూడా ఆ మాల అతని ప్రాణాన్ని, తేజస్సును పోకుండా పట్టి ఉంచిందని 17వ సర్గ చెబుతుంది. సగం బలం మాట తర్వాతి సంప్రదాయాలది. పోనీ అది ఉందనే అనుకుందాం, రాముడు ఆ కారణం చెప్పలేదే! ఆయన చెప్పుకోని సాకును ఆయన తరఫున మనం చెబితే, "ఎదురుగా నిలబడితే ఓడిపోయేవాడు" అని ఒప్పుకున్నట్టవుతుంది. రాముణ్ణి కాపాడబోయి తగ్గించడం ఇది.

రెండోది, "వెనక నుంచి వీపులో కొట్టాడు". 16వ సర్గ చివర బాణం దిగింది వాలి వక్షంలో. వాలి వాడిన "పరాఙ్ముఖ వధ" (ముఖం అటు తిప్పి ఉన్నవాణ్ణి చంపడం) అన్న మాటే ఈ అపోహకు మూలం. అతని ఫిర్యాదు వీపు గురించి కాదు, వేరొకడితో పోరులో మునిగి ఉండగా కొట్టావని. మూడోది, "వాలి రావణుడి స్నేహితుడు, అందుకే చంపాడు". ఆ స్నేహం ఉత్తరకాండ 34వ సర్గలో వస్తుంది. 18వ సర్గలో రాముడు ఇచ్చిన కారణాల్లో అది లేదు. పైగా వాలి, "ముందు నన్నే అడిగి ఉంటే ఒక్క రోజులో సీతను తెచ్చి అప్పగించేవాణ్ణి, రావణుణ్ణి మెడకు తాడు కట్టి నీ ముందు పెట్టేవాణ్ణి" అంటాడు. ఆ మాటకు రాముడు నేరుగా బదులివ్వడు.

ఇక వాదించే పద్ధతి. మనం రోజూ "వితండవాదం చెయ్యకు" అంటుంటాం. న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి: నిజం తేలాలని చేసేది వాదం, గెలవాలని చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. దేవుడి మంచిచెడుల మీద చర్చలు ఎక్కువగా మూడో రకంలోకి జారతాయి, ఇరువైపులా. దానికి మందు, వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులు ఒక్కో సందేహాన్నీ విచారించే అధికరణ పద్ధతిలోనే ఉంది. విషయం, సంశయం (సందేహం), పూర్వపక్షం (ఎదుటి వాదన), ఉత్తరపక్షం (దానికి జవాబు), నిర్ణయం. ఈ ఐదు అంగాలను కాగితం మీద రాసుకుని మొదలుపెట్టండి. విషయం ఒక్క వాక్యంలో ఉండాలి. "రాముడు మంచివాడా" అన్నది విషయం కాదు, దానికి అంతు ఉండదు. "సుగ్రీవుడితో పోరాడుతున్న వాలిని కనబడకుండా కొట్టడం రాముడు చెప్పిన కారణాలతో సమర్థనీయమా", ఇది విషయం. పూర్వపక్షాన్ని నమ్మనివాడి చేత చెప్పించాలి. రాముణ్ణి తప్పుపట్టేవాళ్ళు 18వ సర్గను రాముడి తరఫున చెప్పాలి, భక్తులు 17వ సర్గను వాలి తరఫున చెప్పాలి. దీంతోనే సగం అరుపులు తగ్గుతాయి, ఎందుకంటే అప్పటిదాకా చదవని సర్గ తప్పనిసరిగా చదవాల్సివస్తుంది.

వాలి ఫిర్యాదును విడదీస్తే నాలుగు ముక్కలు కనబడతాయి. నీ దేశంలోగానీ పురంలోగానీ నేను ఏ అపకారమూ చెయ్యలేదు. వేరొకడితో పోరాడుతుండగా, కనబడకుండా కొట్టావు. మేం కాయలూ దుంపలూ తినే అడవి మృగాలం, నా చర్మం తొడుక్కోరు, నా మాంసం తినరు, అయిదు గోళ్ళున్న వాటిలో తినదగ్గవి అయిదే. సీత కోసమైతే నన్నే అడగవచ్చు కదా. వీటిలో రెండోదే అసలు ముల్లు. మిగతావి దాని చుట్టూ ఉన్న మాంసం. "గడ్డి కప్పిన బావివి" అని రాముణ్ణి అతను అనేది ఈ రెండోదాని గురించే. పైకి నేలలా కనిపించి, నమ్మి అడుగు వేసినవాణ్ణి మింగేది.

ఆ మాట ఎందుకంత గట్టిగా తగులుతుందో తెలియాలంటే 15, 16 సర్గలు చూడాలి. రెండోసారి సుగ్రీవుడు కేక వేసినప్పుడు వాలి భార్య తార అడ్డుపడుతుంది. దెబ్బలు తిని పారిపోయినవాడు ఇంతలోనే తిరిగొచ్చాడంటే అండ ఉండే వచ్చాడని, కొడుకు అంగదుడికి చారుల వల్ల రాముడి సంగతి తెలిసిందని, సుగ్రీవుడికి యువరాజ్యం ఇచ్చి సంధి చేసుకోమని చెబుతుంది. వాలి జవాబు ఇది: రాఘవుడి గురించి నా కోసం దిగులు పడకు, "ధర్మజ్ఞశ్చ కృతజ్ఞశ్చ కథం పాపం కరిష్యతి". ధర్మం తెలిసినవాడు, మేలు మరవనివాడు, పాపం ఎలా చేస్తాడు? వాలి చెట్ల వైపు చూసుకోకుండా బరిలోకి దిగింది రాముడి మంచితనం మీద నమ్మకంతో. ఈ ఒక్క శ్లోకం పెట్టకపోతే వాలి పాత్ర కుదించుకుపోయి, చర్చ కుంటుతుంది.

ఇప్పుడు రాముడి వైపు. 18వ సర్గలో ఆయన చెప్పినవి: ఈ భూమి కొండలూ అడవులతో సహా ఇక్ష్వాకులది, మృగపక్షిమనుష్యుల మీద నిగ్రహానుగ్రహాలు (శిక్షించడం, దయచూపడం) మావి. భరతుడు రాజు, అతని ఆదేశంతో మేం ధర్మం నిలపడానికి తిరుగుతున్నాం. తమ్ముడు కొడుకుతో సమానం, కాబట్టి అతని భార్య కోడలు. సుగ్రీవుడు బతికి ఉండగా నువ్వు రుమతో ఉన్నావు, దానికి దండన వధ. సుగ్రీవుడికి వానరుల ముందు మాట ఇచ్చాను. ఇవన్నీ కాక, నువ్వు శాఖామృగానివి (కోతివి), వేటాడేవాళ్ళు వలలతో, ఉచ్చులతో, చాటున ఉండి కూడా మృగాల్ని కొడతారు, అందులో దోషం లేదు.

చర్చ చేసేవాళ్ళలో చాలామంది దాటిపోయే సంగతి ఇక్కడుంది. రాముడు మనువు చెప్పిన రెండు శ్లోకాలంటూ ఉదహరిస్తాడు. రాజు దండించిన పాపి నిర్మలుడై పుణ్యాత్ముడిలా స్వర్గానికి పోతాడని ఒకటి, దండించని రాజుకు ఆ పాపం చుట్టుకుంటుందని ఇంకొకటి. ఇప్పుడు మనకున్న మనుస్మృతిలో ఇవి కొద్ది పాఠభేదంతో ఎనిమిదో అధ్యాయంలో 318, 316 శ్లోకాలు. ఎనిమిదో అధ్యాయం వ్యవహారం, అంటే న్యాయవిచారణ. వాలి ఫిర్యాదు మాత్రం ఏడో అధ్యాయంలోది, అది రాజధర్మం, యుద్ధం. ఏడో అధ్యాయం 92వ శ్లోకం యుద్ధంలో ఎవరిని కొట్టకూడదో వరసగా చెబుతుంది: నిద్రపోతున్నవాణ్ణి, కవచం లేనివాణ్ణి, ఆయుధం లేనివాణ్ణి, పోరాడకుండా చూస్తున్నవాణ్ణి, "న పరేణ సమాగతమ్", వేరొకడితో తలపడి ఉన్నవాణ్ణి. వాలి నోటి మాట దాదాపు ఇదే.

అంటే ఒకే ధర్మశాస్త్రంలో వాలి ఒక అధ్యాయం మీద నిలబడ్డాడు, రాముడు పక్క అధ్యాయం మీద నిలబడ్డాడు. ఆ బాణం యుద్ధమా, దండనా? ఇది తేల్చకుండా మిగతా ఎన్ని మాట్లాడినా గాల్లో కత్తి తిప్పడమే. యుద్ధమైతే వాలి గెలుస్తాడు, అందులో నాకు సందేహం లేదు. దండనైతే నేరస్థుడు ఎవరితో పోట్లాడుతున్నాడన్న ప్రశ్నే రాదు, దొంగను పట్టుకునే తలారి ఎదురుగా నిలబడి యుద్ధానికి పిలవక్కర్లేదు. ఆ వేట మాట తప్ప రాముడు చాటు గురించి విడిగా సంజాయిషీ ఇవ్వకుండా దండన మీదే బరువంతా ఎందుకు పెట్టాడో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ దారి ఒక్కటే ఆయనకు తెరిచి ఉంది.

ఆ దారిలోకి వెళ్ళాక మాత్రం ఎనిమిదో అధ్యాయమే ఆయన్ని అడగాల్సిన ప్రశ్నలు అడుగుతుంది. అదే అధ్యాయం 126వ శ్లోకం, నేరం మళ్ళీ మళ్ళీ చేశాడా, ఎక్కడ, ఎప్పుడు, ఎంత తీవ్రం అన్నవి నిజంగా తెలుసుకున్నాకే దండించమంటుంది. 129వ శ్లోకం ఒక వరస పెడుతుంది: ముందు వాగ్దండం (మాటతో మందలింపు), తర్వాత ధిగ్దండం (ఛీకొట్టడం), మూడోది ధనదండం (జరిమానా), ఆ పైన వధదండం. వాలికి మొదటి మెట్టు కూడా దక్కలేదు. "రుమను వదిలిపెట్టు" అని అతనికి ఎవరూ కబురు పంపలేదు. రాముడు విన్నది సుగ్రీవుడి మాట ఒక్కటే, అదీ తన పనికి సాయం కావాల్సిన మిత్రుడి మాట. 5వ సర్గలో అగ్నిసాక్షిగా స్నేహం కుదిరిన చోటే వాలిని చంపుతానన్న మాట ఇచ్చేశాడు. ఆ వైరం ఎలా మొదలైందన్న పూర్తి కథ, గుహ, ఏడాది పైగా నిరీక్షణ, నురగతో వచ్చిన నెత్తురు, ద్వారానికి అడ్డంపెట్టిన బండ, ఇవన్నీ 9, 10 సర్గల్లో వస్తాయి. విచారణకు ముందే తీర్పు వచ్చిందన్న అభ్యంతరానికి నాకు ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు.

ఇంకొకటి. 316వ శ్లోకానికి ముందున్న 314, 315 చదవండి. అక్కడ దొంగ జుట్టు విరబోసుకుని, భుజాన రోకలి పెట్టుకుని తనే రాజు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "ఈ పని చేశాను, నన్ను శిక్షించు" అంటాడు. దండన పాపాన్ని కడుగుతుందన్న మాట ఆ సందర్భంలోది. తప్పు ఒప్పుకున్నవాడి గురించి చెప్పింది, ఏ తప్పుకో తెలియకుండానే బాణం తగిలినవాడికి ఎంతవరకు వర్తిస్తుంది? రాముడి పక్షం చెప్పేవాళ్ళు దీనికి ఒక మంచి జవాబు ఇవ్వగలరు: బాణం తగిలాక, కారణం విన్నాక వాలి ఒప్పుకున్నాడు, కాబట్టి వరస తిరగబడినా ఫలం దక్కింది. ఇది బలహీనమైన జవాబు కాదు. కానీ దండనకు ముందుండాల్సినది తర్వాత వస్తే దాన్ని విచారణ అనరు.

అధికారం సంగతి కొంచెం చెప్పి వదిలేస్తాను. భరతుడి ఆదేశమని రాముడు అంటాడు. అయోధ్యాకాండలో భరతుడు పాదుకలు తీసుకుని నందిగ్రామం వెళ్ళే ఘట్టంలో అలాంటి ఆజ్ఞ కనబడదు. సార్వభౌమత్వం రాజకుమారుడిగా తనకూ ఉందనుకుంటే సరే. అది ఆ కాలపు రాజనీతి, దాని మీద ఎక్కువసేపు కూర్చోవడం వల్ల ప్రయోజనం తక్కువ.

తార విషయం మాత్రం తప్పించుకోకూడదు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం 57వ శ్లోకంలో రెండు సగాలున్నాయి. తమ్ముడి భార్య అన్నకు కోడలు, ఇది రాముడు వాడుకున్న సగం. అన్న భార్య తమ్ముడికి గురుపత్ని, ఇది ఎవరూ వాడని సగం. వాలి గుహలో చనిపోయాడనుకుని సుగ్రీవుడు రాజైనప్పుడు ఏం జరిగిందో 46వ సర్గలో అతని నోటితోనే వస్తుంది: "రాజ్యం దక్కింది, రుమతో పాటు తార కూడా". 55వ సర్గలో అంగదుడు ఇంకా సూటిగా, అన్న బతికి ఉండగానే తల్లిలాంటి వదినను స్వీకరించినవాడికి ధర్మమేం తెలుసని అంటాడు. వాలికి వధ, సుగ్రీవుడికి పట్టాభిషేకం ఎలా కుదురుతుందని అడిగితే, జవాబంతా 18వ సర్గలోని ఒకే ఒక్క మాట మీద వేలాడుతుంది: "ధరమాణస్య", అంటే "బతికి ఉన్నవాడి". సుగ్రీవుడు బతికి ఉన్నాడని తెలిసే వాలి రుమను ఉంచుకున్నాడు. సుగ్రీవుడు అన్న చనిపోయాడని నమ్మాడు. తెలిసి చేసినదానికీ పొరబాటున చేసినదానికీ తేడా ఉంది, అది నిజమైన తేడా. వాలి మీద ఉన్న నేరం కూడా నిజమైన నేరమే. దేశం దాటించిన తమ్ముడి భార్యను ఉంచుకోవడాన్ని "వానరుల ఆచారం" అని కొట్టిపారేసేవాళ్ళు, వాలికి యుద్ధధర్మం అడిగే హక్కు ఎక్కడిదో కూడా చెప్పాలి. ఈ గొడవంతా ఎవరి గురించో ఆ రుమ ఈ సర్గల్లో ఒక్క మాట కూడా మాట్లాడదు. ఆమె ఏమనుకుందని రాముడూ అడగలేదు, వాలీ చెప్పలేదు. ఈ లోటు ఎప్పుడు చదివినా గుచ్చుకుంటుంది.

శాఖామృగం వాదన రాముడి మాటల్లోకెల్లా బలహీనమైనది. మృగమైతే కోడలన్న వావి ఎక్కడిది, దండన ఎక్కడిది? మనిషితో సమానమైన ధర్మం ఉన్నవాడైతే వేట ఎక్కడిది? రెండూ ఒకే నోట నిలవవు. అయితే దీన్ని ఎత్తిచూపి గెలిచామనుకునేవాళ్ళు 17వ సర్గకు వెళ్ళాలి. "మేం వనచరులం, మృగాలం" అని ముందు అన్నది వాలే. వీరుడి మర్యాద కావాలని ఒకవైపు, మృగాన్ని కాబట్టి నాతో నీకేం పని అని మరోవైపు అతనూ అడిగాడు. రాముడి వేట మాట ఆ రెండో దానికి జవాబు. ఎదుటివాడు తెచ్చిన మాటకు జవాబుగా మాత్రమే దాన్ని చదివితే కొంత నిలుస్తుంది, స్వతంత్రమైన కారణంగా పెడితే నిలవదు. భక్తులు దీన్ని ముందు పెట్టుకుని వాదించడం మానెయ్యాలి.

ఇంతదాకా రాముణ్ణి రాజుగా చూశాం. "ఆయన భగవంతుడు, మన కొలతలు ఆయనకెందుకు" అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు తప్పక వస్తుంది. దాన్ని తీసిపారేయకూడదు, అది చాలా పాత, చాలా లోతైన పక్షం. భాగవతం దశమస్కంధం 33వ అధ్యాయంలో పరీక్షిత్తు రాసలీల గురించి అడుగుతాడు: ధర్మపు కట్టలు కట్టినవాడు, కాపాడేవాడు, దానికి ఎదురు ఎలా నడిచాడు? శుకుడు ప్రశ్న తప్పనలేదు. అగ్ని దేన్ని కాల్చినా మైలపడనట్టు తేజోవంతులకు దోషం అంటదన్నాడు. వెంటనే, ఈశ్వరులు కానివాళ్ళు మనసులో కూడా అలా చెయ్యకూడదన్నాడు. వాళ్ళ మాట సత్యం, వాళ్ళ నడత కొన్నిచోట్ల మాత్రమే అనుసరించదగ్గదన్నాడు.

ఈ అగ్ని ఉపమానానికి ఒక మూల్యం ఉంది. దాన్ని పట్టుకుంటే ఆ పని ఆదర్శం కాకుండా పోతుంది. కృష్ణుడి విషయంలో సంప్రదాయం ఆ మూల్యం చెల్లించడానికి సిద్ధపడింది. రాముణ్ణి మాత్రం మనం మర్యాదాపురుషోత్తముడంటాం, ఎలా నడవాలో చూపించినవాడంటాం. ఒకే మనిషిని పొద్దున ఆదర్శమని, సాయంత్రం కొలతకు అందడని అనలేం. పైగా 18వ సర్గలో రాముడు ఒక్కసారి కూడా "నేను భగవంతుణ్ణి, నన్నడగకు" అనలేదు. యుద్ధకాండ చివర బ్రహ్మాది దేవతలు వచ్చినప్పుడు కూడా, దశరథుడి కొడుకైన మనిషినే అని తనను తాను అనుకుంటున్నట్టు చెబుతాడు. చావబోతున్నవాడు అడిగిన ప్రశ్నకు ఆయన కారణాలు చెప్పాడు, శాస్త్రం ఉదహరించాడు, తన పూర్వీకుడు మాంధాత కాలంలో తప్పు చేసిన శ్రమణుడికి (సన్యాసికి) పడ్డ దండనను ఉదాహరణ చూపాడు. అంటే కొలత తనకూ వర్తిస్తుందని ఒప్పుకున్నాడు. ప్రశ్న అడగడమే పాపమనేవాళ్ళు రాముడు పడిన ఆ శ్రమను లెక్కచెయ్యడం లేదు.

సృష్టి మొత్తానికి సంబంధించి ఇదే ప్రశ్న బ్రహ్మసూత్రాల్లోనూ ఉంది. రెండో అధ్యాయం మొదటి పాదం 34వ సూత్రం, ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ అంటుతాయా అని. శంకరుల జవాబు వాన ఉపమానం: వాన అన్ని గింజల మీదా ఒకేలా కురుస్తుంది, వరి వరిగా, యవలు యవలుగా మొలవడం విత్తనాన్ని బట్టి. ఈ జవాబు వాలి వధకు అతికించబోతే అతకదు, ఎందుకంటే వాన ఒక చెట్టు చాటున నిలబడి ఒక్కడి మీదే కురవదు. ప్రపంచంలో దుఃఖం ఎందుకన్న ప్రశ్నకు చెప్పిన సమాధానాన్ని, ఒక అవతారం ఒక రోజు చేసిన ఒక పనికి వాడితే రెండూ చెడతాయి. ఈ పొరబాటు చదువుకున్నవాళ్ళే ఎక్కువగా చేస్తారు.

అడగడం కొత్తగా, పరాయి ప్రభావంతో వచ్చిందన్న మాట కూడా నిలవదు. అరణ్యకాండ 9వ సర్గలో సీతే రాముణ్ణి నిలదీస్తుంది, నీకేమీ అపకారం చెయ్యని రాక్షసుల్ని చంపడం వైరం లేని క్రౌర్యం కాదా అని. మహాభారతం ద్రోణపర్వంలో, ద్రోణుణ్ణి అబద్ధంతో పడగొట్టాక అర్జునుడు అన్నగారితో, వాలి వధ వల్ల రాముడికి మిగిలినట్టే నీకూ ఈ అపకీర్తి చిరకాలం మిగులుతుందంటాడు. భవభూతి ఉత్తరరామచరితంలో లవుడు, తండ్రి అని తెలియక, ఇంద్రుడి కొడుకును చంపడంలో చూపిన కౌశలం లోకానికి తెలుసులే అని రాముణ్ణి ఎత్తిపొడుస్తాడు. వీళ్ళెవరూ రాముణ్ణి కాదనుకున్నవాళ్ళు కారు.

నా నిర్ణయం చెప్పాలి కాబట్టి చెబుతాను. వాలి నేరం నిజం, దండనకు అర్హమైనది. దాన్ని దండనగా అమలు చేసిన తీరులో హెచ్చరిక లేదు, విచారణ లేదు. కనబడకుండా కొట్టావన్న ప్రశ్నకు 18వ సర్గ సగమే జవాబిచ్చింది. వాలి "నువ్వు చెప్పిందే నిజం, సందేహం లేదు" అని ఒప్పుకున్నాడు కదా అంటారు. ఒప్పుకున్నాడు, అంగదుణ్ణి, తారను రాముడి చేతుల్లో పెట్టాడు, 22వ సర్గలో బంగారు మాల తీసి సుగ్రీవుడికిచ్చాడు. అది అతని మనసు ఎంత పెద్దదో చెబుతుంది. కానీ ఫిర్యాదిదారు రాజీపడితే కేసు ముగుస్తుంది, ప్రశ్న ముగియదు. వాల్మీకికి కూడా ముగియలేదని నా నమ్మకం, దానికి సాక్ష్యం 24వ సర్గ.

అక్కడ మాట్లాడేది సుగ్రీవుడు, వాలిని చంపమని అడిగినవాడు. అన్న శవం ముందు నిలబడి అతను రాముడికి చెబుతాడు: చెట్టుకొమ్మతో నన్ను విరగ్గొట్టి, నేను మూలుగుతుంటే, "పో, మళ్ళీ ఇలా చెయ్యకు" అని ఊరడించి వదిలేసేవాడు. నన్ను చంపాలని అతనికి ఏనాడూ లేదు. అన్నదమ్ముల వరసను, పెద్దరికాన్ని, ధర్మాన్ని అతను కాపాడాడు. నేను కోపం చూపాను, కామం చూపాను, నా కోతితనం చూపాను. ఫిర్యాదు చేసినవాడే, తీర్పు అమలయ్యాక, ముద్దాయి తరఫున సాక్ష్యం చెప్పడం ఇది. అగ్నిలో దూకుతానంటాడు. రాముడు వెంటనే ఏ శ్లోకమూ ఉదహరించడు. ఓదార్పు మాటలు, దహనం ఏర్పాట్లు తర్వాత వస్తాయి. అంతకు ముందు కవి ఆయన్ని ఒక్క క్షణం అలాగే నిలబెట్టాడు: "సంజాతబాష్పః పరవీరహంతా రామో ముహూర్తం విమనా బభూవ". శత్రువీరుల్ని చంపేవాడు, కళ్ళలో నీళ్ళు నిండి, కాసేపు మనసు చెదిరి ఉండిపోయాడు.